అమ్మతో సైకిల్ మీద సముద్రం దాకా: తూర్పు గట్టా, కోనసీమా, పడమటి గట్టా?

ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠ అనే పాయలుగా చీలడంతో సముద్రానికి వెళ్లే దారులు కూడా మూడయ్యాయి. గౌతమికి ఎడమ ఒడ్డున కపిలేశ్వరపురం, కోటిపల్లి, యానాం మీదుగా కాకినాడ చేరే తూర్పు దారి ఒకటి. గౌతమీ వశిష్ఠల నడుమ ఆత్రేయపురం, పి. గన్నవరం, రాజోలు మీదుగా అంతర్వేది చేరే కోనసీమ దారి రెండోది. వశిష్ఠ కుడి ఒడ్డున పెనుగొండ, పాలకొల్లు మీదుగా నరసాపురం చేరే పడమటి దారి మూడోది. రాజమహేంద్రవరంలో బయలుదేరితే మొదటి రెండూ 110 కిలోమీటర్లకు అటూ ఇటూగా, మూడోది 90 కిలోమీటర్లకు కాస్త తక్కువగా ఉంటాయి. ఇరవై ఏళ్ల కుర్రవాడు వీటిలో దేన్నయినా ఒక్క రోజులో ముగించగలడు. అరవై దాటిన తల్లినో తండ్రినో వెంటబెట్టుకుని మూడు రోజుల్లో తీరుబడిగా వెళ్లదలచినవారికి మాత్రం ఈ మూడూ ఒక్కటి కావు, వారి కోసమే ఈ పోలిక.

మా అమ్మగారికి 64 ఏళ్లు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ కాలువ గట్టు వెంబడి సైకిల్ మీదే బడికి వెళ్లివచ్చిన పంతులమ్మ కావడంతో, ఆవిడకు సైకిల్ కొత్త కాదు, దూరమే కొత్త. తూర్పు దారిన ఒకసారి, కోనసీమ దారిన మరోసారి కలిసి వెళ్లాము, పడమటి దారిని ముక్కలు ముక్కలుగా చూశాము. మొదటిసారి నేను పటం పరిచి ఎక్కడెక్కడ నది బాగా కనిపిస్తుందో వివరిస్తుంటే, ఆవిడ అంతా విని, “అది సరేరా, మధ్యలో నావల్ల కాదనుకుంటే ఇంటికి ఎలా వస్తాం?” అని అడిగారు. ఆ ప్రశ్న అప్పుడు నాకు నిరుత్సాహంగా తోచింది కానీ, రెండు ప్రయాణాల తరువాత ఆలోచిస్తే దారిని ఎంచుకోవడానికి అంతకన్నా మంచి కొలత నాకు దొరకలేదు. కొబ్బరితోటలు, వరిచేలు, నీటి పాయలు మూడు దారుల్లోనూ కావలసినన్ని ఉన్నాయి. నీడ, మరుగుదొడ్డి, ప్రయాణం ఆపివేసి వెనక్కి రాగల వీలు మాత్రం మూడు దారుల్లో మూడు రకాలుగా ఉన్నాయి.

దారుల సంగతికి ముందు గట్టు అనే మాట దగ్గర ఒక జాగ్రత్త చెప్పాలి, ఎందుకంటే గట్టు మీద వెళ్తే బాగుంటుందని సలహా ఇచ్చేవారు ఏ గట్టో చెప్పరు. ఏటిగట్టు నదికి వరద కట్ట. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన వరద తరువాత దీన్ని చాలాచోట్ల ఎత్తు చేసి బలపరిచారు. పైనుంచి ఒకవైపు లంకలు, మరోవైపు ఊళ్లు కనిపిస్తాయి గనుక ఫొటోలకు ఇంతకన్నా మంచి చోటు లేదు. అయితే నీడ తక్కువ, గాలికి అడ్డు లేదు, తారు ఉన్నట్టుండి గ్రావెల్‌గా మారుతుంది, దిగి నీళ్లు తాగాలన్నా ఊరిలోకి దిగే ర్యాంపు దాకా ఆగాలి. కాలువ గట్టు ఇందుకు పూర్తిగా విరుద్ధం. దూరపు చూపు ఉండదు కానీ చెట్ల నీడ ఉంటుంది, ఊళ్లు కాలువనే ఆనుకుని ఉంటాయి, అరుగులు, టీ కొట్లు, లాకుల దగ్గర కూర్చోవడానికి చోట్లు ఉంటాయి. పెద్దవారితో వెళ్లేటప్పుడు కాలువ గట్టును ప్రధానంగా పెట్టుకుని, ఏటిగట్టును ఉదయం పూట గంట సేపటికి పరిమితం చేయడం మేలు.

కోనసీమ దారి

నా ఓటు దీనికే కాబట్టి దీన్నే ముందుగా, కాస్త వివరంగా చెబుతాను. రాజమహేంద్రవరం నుంచి ధవళేశ్వరం చేరి బ్యారేజీ ఎక్కడంతో ఈ దారి మొదలవుతుంది. 1847లో మొదలై 1852లో పూర్తయిన కాటన్ దొర ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది కొత్త బ్యారేజీ. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలకు కలిపి 175 గేట్లు. వీటిలో ధవళేశ్వరం భాగానివి 70, ర్యాలి భాగానివి 43. మధ్య డెల్టాకు, అంటే కోనసీమకు వెళ్లేవారు ఈ రెండింటినీ దాటి బొబ్బర్లంకలో దిగితే సరిపోతుంది. మా అమ్మగారు గేట్లు లెక్కపెడతానని పంతం పట్టి 58 దగ్గర లెక్క తప్పి, మళ్లీ మొదటికి వెళ్దామంటారేమోనని నేను భయపడేలా వెనక్కి చూశారు.

బొబ్బర్లంక నుంచి రావులపాలెం వరకు ఉన్న ఇరవై పైచిలుకు కిలోమీటర్లు మూడు దారులలోనూ పెద్దవారికి అన్నిటికన్నా అనువైన భాగమని నా అభిప్రాయం. నిండుగా పారే కాలువ పక్కనే రోడ్డు సాగుతుంది, ఎక్కుడు దిగుడు దాదాపు లేదు, మధ్యలో ఆత్రేయపురం వస్తుంది. అక్కడ పూతరేకులు పెట్టెలు కట్టించుకుని మోయడంకన్నా, బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి జావ గుడ్డతో లాగి రేకు తీసే విధానం చూసి, రెండు తిని ముందుకు సాగడం మంచిది, ఎందుకంటే సైకిల్ క్యారియర్ మీద పూతరేకులు ఊరు దాటేసరికి పొడి అవుతాయి. ఆ తరువాత వచ్చే లొల్ల లాకుల దగ్గర అరగంట ఆగాలి. పెద్ద కాలువ ఇక్కడ చీలి కోనసీమలోకి పోతుంది, గేట్ల కింది నుంచి దూకే నీటి హోరులో ఎవరితోనూ మాట్లాడనవసరం లేకుండా కూర్చోవచ్చు. శనివారం మాత్రం ఈ దారి పెట్టుకోవద్దు. వాడపల్లి వేంకటేశ్వరస్వామికి ఏడు శనివారాల మొక్కు తీర్చుకునే భక్తుల కార్లు, ఆటోలు, నడిచి వెళ్లేవారితో ఆ రోజు రోడ్డు కిటకిటలాడుతుంది.

రావులపాలెంలో జాతీయ రహదారిని దాటడమే ఈ దారిలో మొదటి కష్టం. సైకిల్ దిగి, నడిపించుకుంటూ దాటండి, ఇందులో చిన్నతనం ఏమీ లేదు. అక్కడ లాడ్జీలు, మందుల షాపులు, అన్ని వైపులకు బస్సులు ఉన్నాయి కాబట్టి మొదటి రాత్రికి అదే చోటు. రెండో రోజు కొత్తపేట మీదుగా పి. గన్నవరం చేరితే, వైనతేయ పాయ మీదుగా కాలువ నీటిని నగరం లంకకు దాటించే అక్విడక్టు కనిపిస్తుంది. 49 కమానులతో 1852లో కట్టిన పాతది ఇంకా నిలిచే ఉంది, దాని పక్కన 2000లో వచ్చిన కొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆకలితో వచ్చినవారికి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన ఆ తల్లి ఊరు లంకల గన్నవరం ఇక్కడికి దగ్గరే. కింద నది, పైన కాలువ ఒకదానికొకటి అడ్డంగా పారడం చూసి, “నీరు నీటి మీద నడుస్తుందని పిల్లలకు చెప్పేదాన్ని, ఇప్పుడు చూస్తున్నాను” అన్నారు మా అమ్మగారు. 30 కిలోమీటర్ల దూరంలో పాఠాలు చెప్పిన మనిషి అక్కడికి ఎప్పుడూ రాలేదు.

ఈ దారికి ఉన్న లోటు కూడా దాచకూడదు. రైలు లేదు. గన్నవరం దాటిన తరువాత ప్రయాణం ఆపాలంటే బస్సు లేదా ట్రక్కు ఆటో తప్ప గతి లేదు, సైకిళ్లను బస్సులో ఎక్కించుకోవడం కండక్టర్ దయ. రాజోలు తరువాత బస చేసే చోట్లు పలచబడతాయి. అంతర్వేదిలో పండగ రోజుల్లో గది దొరకదు, ముఖ్యంగా మాఘ శుద్ధ దశమి నాటి కల్యాణం, మరునాటి భీష్మ ఏకాదశి రథోత్సవం సమయంలో సైకిల్ మీద ఆ ఛాయలకు పోకపోవడమే మంచిది. రాజోలు ప్రాంతంలో మేము దిగిన ఒక లాడ్జిలో సైకిళ్లను మెట్ల కిందకైనా రానివ్వక, రాత్రంతా వీధిలో ఉంచమన్నారు. చివరకు ఎదురుగా ఉన్న కిరాణా కొట్టాయన తన షెడ్డులో పెట్టించారు. గది మాట్లాడేటప్పుడే సైకిళ్లు ఎక్కడ పెట్టాలో ఫోనులో తేల్చుకోవాలని ఆ రోజు తెలిసింది.

రైలు లేని లోటును పూడ్చే ఉపాయం అంతర్వేది దగ్గరే ఉంది. సముద్రం చూసి సఖినేటిపల్లి రేవుకు వచ్చి, పంటు (మనుషులను, బళ్లను ఏరు దాటించే పెద్ద పడవ) మీద సైకిళ్లతో సహా వశిష్ఠ దాటితే నరసాపురం. అక్కడి స్టేషన్‌లో పట్టాలు ముగుస్తాయి, రైళ్లు అక్కడే బయలుదేరతాయి. కాబట్టి సైకిళ్లను లగేజి వ్యాన్‌లో వేయించడానికి రెండు నిమిషాల హడావిడి ఉండదు. పార్సిల్ ఆఫీసుకు రెండు గంటల ముందే వెళ్లి, పేరు, చేరవలసిన స్టేషన్ రాసిన అట్టముక్క సైకిల్‌కు గట్టిగా కట్టి ఇవ్వాలి. పంటు విషయంలో ఒక్కటే షరతు: అక్కడ నది మీద సముద్రపు పోటు పాటు ప్రభావం ఉంటుంది, వరద రోజుల్లో పంటు నిలిపివేస్తారు. చీకటిపడ్డాక చేరాలనే లెక్క వేసుకోవద్దు.

తూర్పు దారి

గుళ్లు, తినుబండారాలు, చరిత్ర ఇష్టపడే తల్లిదండ్రులకు ఇది నచ్చుతుంది. కడియపులంక నర్సరీలు మొదటి గంటలోనే వస్తాయి. అక్కడి నుంచి మండపేట వైపు మళ్లితే తాపేశ్వరం కాజా, రామచంద్రపురం దాటితే ద్రాక్షారామం. రాజమహేంద్రవరం నుంచి ద్రాక్షారామం సుమారు 50 కిలోమీటర్లే కాబట్టి రెండు పూటలుగా విడగొట్టి, నడుమ ఒక రాత్రి ఆగితే ఎవరికీ భారం కాదు. భీమేశ్వరాలయం రెండంతస్తుల మండపాల నీడలో మధ్యాహ్నం గడిపేయవచ్చనుకుంటే మాత్రం పొరపాటు, మధ్యాహ్నం తలుపులు మూస్తారు. ఉదయమే చేరేలా చూసుకోవాలి. అక్కడి నుంచి కోటిపల్లి రేవు దగ్గరే. మొదటి ప్రయాణాన్ని అక్కడితో ఆపివేసినా నిండుగా ఉంటుందని ఇప్పుడు నాకు అనిపిస్తుంది.

మేము ఆపలేదు. గౌతమి పక్కన కోటిపల్లి నుంచి యానాం వరకు ఉదయం హాయిగా సాగింది. 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న ఆ ఊరి నదీతీరం పెద్దవారు కూర్చోవడానికి చక్కగా ఉంది. కష్టం ఆ తరువాత మొదలైంది. యానాం నుంచి కాకినాడ వరకు ఉన్న 30 కిలోమీటర్లు 216వ నంబరు జాతీయ రహదారి. లారీల రద్దీ ఒక ఎత్తయితే, రోడ్డు ఉత్తరంగా సాగడం మరో ఎత్తు. శీతకాలంలో ఈశాన్యం నుంచి వీచే గాలి నేరుగా ముఖానికి కొడుతుంది. కొండలు లేని డెల్టాలో ఎక్కుడంటే వంతెనలూ ఎదురుగాలీ మాత్రమే, వంతెన రెండు నిమిషాల్లో దిగిపోతుంది కానీ గాలి దిగదు. తాళ్లరేవు చేరేసరికి మా అమ్మగారి మోకాలు సహకరించలేదు. ట్రక్కు ఆటో మాట్లాడుకుని రెండు సైకిళ్లనూ పడుకోబెట్టి కాకినాడ చేరాము. అంత సులువుగా ఆటో దొరకడం ఈ దారికి ఉన్న నిజమైన బలం, దాని అవసరం పడటం బలహీనత. దారిలోని కోరింగ మడ అడవులలో చెక్క వంతెన మీద నడక చూడదగినదే, అయితే దాన్ని సైకిల్ ప్రయాణానికి తగిలించకుండా మరో రోజు కాకినాడ నుంచి కారులో వెళ్లి చూడండి.

గాలిని తప్పించుకోవాలంటే కోటిపల్లిలో పంటు ఎక్కి ముక్తేశ్వరంలో దిగి, అయినవిల్లి వినాయకుణ్ణి చూసుకుని అమలాపురం చేరవచ్చు. ఇది తూర్పును, కోనసీమను కలిపే దారి, రెండున్నర రోజుల్లో ముగుస్తుంది, పంటు నడుస్తున్నదో లేదో ముందురోజు రామచంద్రపురంలో కనుక్కుంటే చాలు.

పడమటి దారి

అందం విషయంలో దీనికి నేను మూడో స్థానమే ఇస్తాను, భద్రత విషయంలో మొదటి స్థానం. విజ్జేశ్వరం వరకు బ్యారేజీ మీదుగానే వెళ్లాలి. కొవ్వూరు రోడ్డు కం రైలు వంతెన సైకిల్‌కు ఇరుకు, పెద్దవారికి భయం. సిద్ధాంతం, పెనుగొండ, మార్టేరు, పాలకొల్లు, నరసాపురం వరుసగా వస్తాయి, ఊరికీ ఊరికీ మధ్య ఖాళీ తక్కువ. 1982లో స్వర్ణ వరి వంగడాన్ని విడుదల చేసిన పరిశోధన కేంద్రం మార్టేరులోనే ఉంది. వ్యవసాయం చేసిన తండ్రిని తీసుకెళ్తే ఎం.టి.యు. 7029 (స్వర్ణకే మరో పేరు) గురించి మీరు అడగకుండానే గంట సేపు చెబుతారు. పాలకొల్లు క్షీరారామం గాలిగోపురం దూరం నుంచే దారి చూపిస్తుంది. పాలకొల్లు నుంచి రైలు అందుబాటులో ఉంటుంది, అంటే చివరి మూడో వంతులో ఎక్కడ అలసినా స్టేషన్ పది కిలోమీటర్ల లోపే. గుండెకు మందులు వాడుతున్నవారు, ఏళ్ల తరబడి సైకిల్ ఎక్కనివారు, మొదటి ప్రయాణానికి దీన్నే ఎంచుకోవాలి. దిగువకు వెళ్లేకొద్దీ చేపల, రొయ్యల చెరువులు, వాటి వాసన, చేపల లారీల నుంచి కారిన నీటితో జారే రోడ్డు ఉంటాయని ముందే తెలుసుకుని వెళ్లాలి.

ఆడవారితో వెళ్లేవారు మరుగుదొడ్ల సంగతిని సిగ్గుపడకుండా ముందే లెక్కలోకి తీసుకోవాలి. పెద్ద రోడ్ల మీద పెట్రోలు బంకులు, ఊళ్లలో దేవస్థానాల సత్రాలు, అవి లేనిచోట ఇల్లు. కోనసీమలో “అమ్మా, కాస్త” అని అడిగితే కాదన్న ఇల్లు మాకు ఒక్కటీ తగలలేదు, పైగా కొబ్బరిబొండం కొట్టించి కూర్చోబెట్టారు. ఏటిగట్టు మీద మాత్రం అడగడానికి ఇల్లే ఉండదు. అక్కడ మా అమ్మగారు నీళ్లు తాగడం మానేశారని నాకు మధ్యాహ్నానికి గాని తెలియలేదు. తలనొప్పి అందుకే వచ్చింది. మూడు దారుల్లో ఈ విషయంలో పడమర మెరుగు, కోనసీమ ఫరవాలేదు, యానాం దాకా ఏటిగట్టు పట్టుకున్న తూర్పు దారి అధ్వానం.

ఏ సైకిల్

ఇద్దరూ తొక్కే జంట సైకిల్ ఆలోచన వినడానికి ముచ్చటగా ఉంటుంది, పంటు ఎక్కించడానికి, రైలులో వేయడానికి పనికిరాదు, పైగా ఒకరికి ఆగాలనిపిస్తే ఇద్దరూ దిగాలి. బ్యాటరీ సైకిల్ మోకాళ్ల నొప్పులున్నవారికి నిజంగా మేలు చేస్తుంది. అయితే బరువు ఎక్కువ, కాబట్టి పంటు మీదికి ఎత్తడానికి ఒక మనిషి సాయం కావాలి.

తక్కినవారికి నేను చెప్పేది 26 అంగుళాల చక్రాలు, కాస్త వెడల్పు టైర్లు, వెనక ఆరేడు గేర్లు ఉన్న, ముందు కడ్డీ కిందికి వంగిన సైకిల్. గేర్లు వంతెనలకు, గాలికి. వెడల్పు టైర్లు గ్రావెల్‌కు. వంగిన కడ్డీ, కాలు ఎత్తకుండా దిగడానికి. మా అమ్మగారు చుడీదార్‌తోనే తొక్కారు. చీరే కావాలనే తల్లులకు గొలుసుకు పూర్తి కవరు, వెనక చక్రానికి జాలీ తప్పనిసరి. సన్నని టైర్ల ఖరీదైన సైకిళ్లు వద్దనడానికి కారణం వేరు. వాటి ట్యూబు సైజు, సన్నని వాల్వు పల్లెటూరి పంక్చర్ షాపులో దొరకవు, సాధారణ పంపు వాటికి పట్టదు. మామూలు సైకిల్‌కు ఏ సెంటర్‌లోనైనా పావుగంటలో పని అయిపోతుంది. రెండు ట్యూబులు, ఒక పంపు మాత్రం వెంట ఉంచుకోండి.

ఎప్పుడు

నవంబరు, డిసెంబరుల్లో సార్వా (తొలకరి పంట) ధాన్యం రోడ్లకు అడ్డంగా ఆరబోసి ఉంటుంది, తుఫాను భయమూ ఉంటుంది. సంక్రాంతి మూడు రోజులూ కోనసీమ రోడ్ల మీద ఊరికి వచ్చిన కార్లే, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లే జనమే. ఏప్రిల్ సగం నుంచి కాలువలు కట్టేస్తారు, ఎండిన కాలువ పక్కన ఎండలో తొక్కడంలో అర్థం లేదు. పులస మీద ఆశతో వరద నెలల్లో వద్దామనేవారు చేప తిని బస్సులో వెళ్లిపోవడం మంచిది. మిగిలింది సంక్రాంతి వెళ్లిన వారం నుంచి ఫిబ్రవరి చివరి దాకా. అప్పుడు దాళ్వా (రెండో పంట) నాట్లతో చేలు పచ్చగా, కాలువలు నిండుగా ఉంటాయి. పొగమంచు విడిచాక ఏడింటికి బయలుదేరి పదిన్నరకు ఆగి, మళ్లీ మూడింటికి మొదలుపెట్టి ఐదు లోపల బస చేరాలి. గంటకు 10 కిలోమీటర్ల చొప్పున, మధ్యలో ఆగిన సేపు పోను రోజుకు 35 నుంచి 40 వస్తాయి, అంతకు మించి లెక్క వేయవద్దు. మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి గాలి తిరుగుతుంది కాబట్టి ఎక్కువ దూరం ఉదయమే ముగియాలి.

ఇక తేల్చుకోవడం. మీ తల్లి లేదా తండ్రి ఇప్పటికీ వారంలో నాలుగు రోజులైనా సైకిల్ ఎక్కుతున్నారా? అయితే కోనసీమ దారి పట్టి, సఖినేటిపల్లిలో పంటు దాటి నరసాపురంలో రైలెక్కండి. గుళ్లు చూడాలనీ ఉంది, దూరం మీద నమ్మకం లేదూ అంటే తూర్పు దారిన కోటిపల్లి వరకు వెళ్లి ఆగండి, ఏ కారణం చేతా యానాం నుంచి కాకినాడకు శీతకాలంలో తొక్కవద్దు. డాక్టరును అడిగి బయలుదేరవలసిన వయసు, ఆరోగ్యం అయితే పడమటి దారి. అదీ అనుమానంగా ఉంటే బొబ్బర్లంక నుంచి లొల్ల లాకుల దాకా ఒక ఆదివారం ఉదయం వెళ్లి రండి, సాయంత్రానికి మోకాళ్ల మాట తెలుస్తుంది. ఏ దారిలోనైనా ముందు వారినే తొక్కనివ్వండి. నేను ముందు ఉన్న రోజున తెలియకుండానే వేగం పెరిగి, ఆవిడ అరగంట సేపు పిలుపు అందనంత వెనక పడ్డారు. ఆ తరువాత రెండు రోజులూ ఆవిడ వెనకే వెళ్లాను, ఎక్కడ ఆగాలో ఆవిడే చూసుకున్నారు.